నున్నటి పైకప్పు

పాత ట్యాంకులు బాగుచేసే ఆ కార్ఖానాలో ఆయన్ని అందరూ నునుపు మేస్త్రి అనేవారు. వెక్కిరింతకు పెట్టిన పేరు కాదది. రెండు ఇనప పలకలు ఆయన అతికి, గ్రైండరు పట్టి రుద్దాడంటే, కళ్ళు మూసుకుని చెయ్యి వేసినవాడెవడూ అతుకు ఎక్కడుందో చెప్పలేకపోయేవాడు. పెద్ద అధికారులు చూడటానికి వస్తే మేస్త్రి ముందుగా వాళ్ళ చెయ్యి ఆ పలక మీద పెట్టించి, అతుకెక్కడో చెప్పమనేవాడు. వాళ్ళు తడిమి తడిమి చేతకాక నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. తన గొప్పకు తనే నవ్వితే విలువ తగ్గిపోతుందని ఆయన భయం.

ఆ కార్ఖానాకు కాలం చెల్లిన ట్యాంకులు వచ్చేవి. వాటి ఫిరంగులు ఎందుకూ కొరగావు గానీ, ఒంటి మందం మాత్రం చెక్కుచెదరలేదు. అంత మందపాటి ఇనుమును కరిగించి పారబోయడమెందుకు, ఫిరంగి గోపురం ఊడబీకేసి, మిగిలిన మొండెంలో సిపాయిలను కూర్చోబెట్టి తీసుకెళ్తే తూటా తగలకుండా ఉంటారు కదా అని పైవాళ్ళకు తట్టింది. మంచి ఆలోచనే. చిక్కల్లా ఒక్కటి. ట్యాంకు చేసినవాడు ఇంజనును తీసుకెళ్ళి వెనక పెట్టాడు. మనుషులు దిగే తలుపు ఉండవలసింది కూడా వెనకే. పైనుంచి దిగితే అందరి కంటా పడతారు, ముందునుంచి దిగితే శత్రువు ఒళ్ళోకే దిగుతారు. అందుకని మేస్త్రి ఇంజనును ఒక పక్కకు జరిపించి, దానికీ గోడకూ మధ్య సందు తీసి, ఆ సందు చివర తలుపు పెట్టాడు. ఆ సందు అచ్చంగా ఆయన బుర్రలోంచి పుట్టింది. అది తలుచుకున్నప్పుడల్లా ఆయనకు తన మీద తనకే ముద్దొచ్చేది.

బండి బయటికి పంపే ముందు కార్ఖానాలో ఒక ఆచారం ఉండేది. ఫిట్టర్లందరూ లోపల బెంచీల మీద కూర్చునేవారు. మేస్త్రి బయట నిలబడి సుత్తితో బండిని ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆ మోత వినగానే అందరూ సందులోంచి పడుతూ లేస్తూ బయటికి రావాలి. ఆఖరున వచ్చినవాడు అందరికీ టీ పోయించాలి. టీ తప్పించుకోవడానికి మనిషి ఎంత చురుగ్గా పరుగెత్తగలడో అక్కడే చూడాలి. పలచటి చొక్కాలు, ఖాళీ చేతులు, ఏ బోల్టు ఎక్కడ మోచేతికి తగులుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనుషులు. సుత్తి మోత చెవుల్లోంచి పోకముందే ఆఖరివాడు కూడా బయట ఉండేవాడు. మేస్త్రి తలుపు తట్టి, ఇక దీన్ని పంపించేయండి అనేవాడు. ఇంతకు మించిన పరీక్ష ఇంకోటి ఉంటుందని ఆయనకు గానీ, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళకు గానీ ఎన్నడూ తోచలేదు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. భార్య పోయాక ఆ పిల్లను కంటికి రెప్పలా పెంచి, ఏరికోరి ఒక సిపాయికిచ్చి పెళ్ళి చేశాడు. అల్లుడు మెత్తని మనిషి. ఒక దళానికి నాయకుడై ఉండి కూడా ఇంట్లో మంచినీళ్ళు కావాలంటే తనే లేచి వెళ్ళి తెచ్చుకునే రకం. వాళ్ళ కాపురం మామగారి ఇంటి మేడ మీదే. తయారైన బండ్లలో మొదటివి ఆ అల్లుడి దళానికే ఇస్తున్నారని తెలిసిన రోజున మేస్త్రి కాళ్ళు నేల మీద ఆనలేదు. నా అల్లుడు నేను కట్టిన ఇనప గదిలో కూర్చుంటాడు, ఇక నా బిడ్డకు దిగుల్లేదు అని కనిపించిన వాడికల్లా చెప్పాడు. అడగనివాళ్ళను ఆపి మరీ చెప్పాడు.

దళం ఆ బండ్లలో శిక్షణ మైదానానికి వెళ్ళి తిరిగి వచ్చే రోజు ఫిట్టర్లందరూ పని ఆపేసి గేటు దగ్గర బారులు తీరారు. మలుపు తిరిగి మొదటి బండి కనిపించింది. సిపాయిలందరూ దాని పైకప్పు మీద, పిట్టగోడ ఎక్కిన పిల్లల్లా కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నారు. లోపల డ్రైవరు తప్ప పురుగు లేదు. అంచు దగ్గర, ఒక చేత్తో కప్పు మీది కమ్మీ పట్టుకుని, ఇంకో చెయ్యెత్తి మామగారిని పలకరిస్తూ అల్లుడు.

పొడుగు ఫిట్టరని ఒకాయన ఉండేవాడు, మేస్త్రికి చిరకాల స్నేహితుడు. సమయం చూసి మాట వదలడంలో ఆయన్ని కొట్టినవాడు లేడు.

"ఏం మేస్త్రీ, నువ్వు ఇల్లు కట్టించి ఇస్తే అల్లుడుగారు డాబా మీదే కాపురం పెట్టారే" అన్నాడు.

గేటు దగ్గర నవ్వులు ఒక పట్టాన ఆగలేదు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. చేతిలో ఉన్న గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఊరుకోలేదు. అల్లుడుగారికి బెంచీలు గట్టిగా ఉన్నాయేమో, దిళ్ళు కుట్టించమంటారా అని మొదలుపెట్టాడు. కొత్త పెళ్ళికొడుకులా ఊరేగితే తప్ప కుదరదా అని పొడిచాడు. ప్రయాణంలో అందరూ లోపలే కూర్చోవాలని ఉత్తర్వు ఉంది కదా, నాయకుడే దాన్ని గాలికొదిలేస్తే ఎలా అని నిలదీశాడు. అల్లుడు అన్నం కలుపుకుంటూ అంతా విన్నాడు.

"లోపలికి వెళ్ళడానికి భయం లేదు మామయ్యగారూ" అన్నాడు చివరికి. "బయటికి రావడానికే."

ఒక్కసారి మా సామాను తగిలించుకుని మీరే ఆ సందులో నడిచి చూడండి అని కూడా చెప్పబోయాడు. మేస్త్రి సగంలోనే అందుకున్నాడు. మా ఫిట్టర్లు చిటికెలో వస్తారు, వాళ్ళకు వచ్చింది సిపాయిలకు రాదా, ఇరుకు సందులో లేదు, భయంలో ఉంది అన్నాడు. భయం అన్న మాట సిపాయి ముందు అనకూడదని ఆయనకు తెలియక కాదు. తెలిసే అన్నాడు. కూతురు తండ్రినే సమర్థించింది. నాన్న అంత కష్టపడి కట్టింది మీ కోసమే కదండీ, ఆయన మాట వింటే మీ సొమ్మేం పోయింది అంది. అల్లుడు కంచంలో చెయ్యి కడిగేసుకుని కిమ్మనకుండా మేడ మీదికి వెళ్ళిపోయాడు. అవతలివాడు నోరు మూసుకుంటే తను గెలిచినట్టే లెక్క మేస్త్రికి.

కొన్నాళ్ళకు అల్లుడి దళం బండి ఏదో బ్రేకు పని మీద కార్ఖానాకు వచ్చింది. దాని పైకప్పు అంచుల వెంట ఆ కమ్మీలున్నాయి. ట్యాంకు ట్యాంకుగా ఉన్న రోజుల్లో దాని వీపునెక్కి వెళ్ళే సిపాయిలు పట్టుకోవడానికి అతికినవి. బండి రూపం మార్చినా ఎవరూ వాటి జోలికి పోలేదు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళిన వేళ మేస్త్రి పైకెక్కి, గ్యాసు మంటతో వాటిని మొదలంటా కోసేశాడు. కోసిన చోట గరుకు మిగిలితే ఆయనకు చెయ్యి ఊరుకోదు కదా, గ్రైండరు పట్టి రుద్దాడు. అరచెయ్యి వేసి చూసుకుని మళ్ళీ రుద్దాడు. ఆకుపచ్చ రంగు పూశాడు. ఫిట్టర్లు తిరిగి వచ్చేసరికి ఆ కప్పు మీద ఎప్పుడూ ఏమీ లేనట్టే ఉంది.

పట్టుకోవడానికి ఏమీ లేకపోతే ఎక్కరు. ఎక్కకపోతే లోపల కూర్చుంటారు. లోపల కూర్చుంటే బతుకుతారు. ఇందులో తప్పేముందని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. తప్పు లేని పనైతే పై అధికారిని అడిగి చేయొచ్చు, కనీసం పొడుగు ఫిట్టరుకు చెప్పి చేయొచ్చు. అడగలేదు, చెప్పలేదు. ఎందుకంటే ఆ కోత సగమే అల్లుడి ప్రాణం కోసం. మిగతా సగం డాబా మీద కాపురం అన్న మాట కోసం. ఆ సంగతి ఆయన మనసుకు తెలుసు, దాన్ని మాట్లాడనివ్వలేదు అంతే.

కబురు పని వేళలోనే వచ్చింది. మైదానంలో బండి గుంటలోకి ఒరిగిందట. పైన కూర్చున్నవాళ్ళలో ఒకరు పడిపోయారట. పొడుగు ఫిట్టరు మేస్త్రి చేతిలోంచి ఫోను లాక్కుని, పడిందెవరని అడిగి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. బండి చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టా కిందికి పోవలసిన అల్లుడు వెంట్రుకవాసిలో పక్కన పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

ఆసుపత్రిలో అల్లుడి కాలికి బరువు కట్టి పైకి వేలాడదీశారు. కూతురు ఒక పక్క కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో పక్క మొగుణ్ణి దులిపేస్తోంది. చిలక్కి చెప్పినట్టు చెప్పాడు మా నాన్న, విన్నారా, లోపల బంగారంలాంటి చోటు ఉంచుకుని కప్పెక్కి ఊరేగుతారా, నా గతి ఏమయ్యేది అని. అల్లుడు పైకప్పు కేసి చూస్తూ తిట్లన్నీ తింటున్నాడు. అప్పుడు మేస్త్రి చూపు దుప్పటి మీద ఉన్న అతని కుడిచేతి మీద పడింది. రెండు వేళ్ళకు కట్లున్నాయి. మిగిలిన వేళ్ళ గోళ్ళు చిట్లి, వాటి కింద ఆకుపచ్చ రంగు ఇరుక్కుని ఉంది.

ఆ రంగు డబ్బా మూత తీసింది తనే. గట్టిపడేదాకా ఆగకుండా బండిని పంపేసింది కూడా తనే. గుంటలోకి ఒరిగిన క్షణంలో ఆ చెయ్యి అలవాటుగా కమ్మీ కోసం వెళ్ళి ఉంటుంది. మేస్త్రి గోడకు ఆనుకున్నాడు. ఏమిటి నాన్నా అలా అయిపోయావు, ఇలా కూర్చో అని కూతురు కుర్చీ జరిపి, మంచినీళ్ళిచ్చింది. పాపం నాన్న ఎంత నొచ్చుకుంటున్నాడో చూడండి అని మొగుడితో అంది. ఆయన ఆ గ్లాసు అలాగే కింద పెట్టేశాడు.

విచారణకు వచ్చిన అధికారి నెమ్మదస్తుడు. కార్ఖానాలోనే ఒక గదిలో కూర్చుని ఒక్కొక్కర్నీ పిలిచాడు. ఆ బండికి కమ్మీలుండేవని ఆయనకు తెలియదు. ఏ మొండెం తీరు దానిదే కాబట్టి నున్నటి కప్పు చూసి అనుమానమూ రాలేదు. ఆయన అడిగేది ఒకటే. లోపల కూర్చోవాలని ఉత్తర్వుండగా పైకెందుకెక్కారు? దళ నాయకుడు ఆసుపత్రి నుంచి తప్పు తనదేనని, చెయ్యి జారిందని చెప్పి పంపాడట. అదే ఖాయమైతే అతని నాయకత్వం తీసేస్తారు, మళ్ళీ మామూలు సిపాయిగా మొదలుపెట్టుకోవాలి. చివరగా మేస్త్రిని పిలిచి, లోపల కూర్చోవడానికి గానీ దిగడానికి గానీ ఏమైనా ఇబ్బందుందా, ఉంటే చెప్పండి, మీ అల్లుడికి మేలవుతుంది అని అధికారి తనే దారి చూపించాడు.

"లోపల ఏ లోటూ లేదండి" అన్నాడు మేస్త్రి.

ఆ మాట ఆయన అనుకోకుండానే వచ్చేసింది. జన్మంతా అధికారులకు చెప్పిన మాటే అది. బయటికి వచ్చి వరండాలోనే నిలబడిపోయాడు. కమ్మీల మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగింది. ఆపింది ఎవరో కాదు, తనే. గోడకు తల కొట్టుకోవాలనిపించింది గానీ, ఎవరైనా చూస్తారేమోనని ఆ పని కూడా చేయలేదు.

మర్నాడు పొద్దున కూతురు ఒక పెద్ద మూట తెచ్చి ఆయన ముందు పెట్టింది. మొగుడి సామాను, కార్ఖానాకు వెళ్ళేటప్పుడు దారిలో దళం వాళ్ళకు అప్పజెప్పమంది. ఆయన ఎత్తబోయాడు. ఒక చేత్తో లేవలేదు. రెండు చేతులూ వేసి ఎత్తితే నడుము కలుక్కుమంది. ముందూ వెనకా పలకలు దూర్చిన కవచం, వీపుకు తగిలించుకునే సంచి, నడుం చుట్టూ తూటాల పటకా, నీళ్ళ సీసా, ఇనప టోపీ. ఇవన్నీ తగిలించుకుంటే మనిషి ఇద్దరు మనుషులంత అవుతాడు. మేస్త్రి దాన్ని దళానికి తీసుకెళ్ళలేదు. తిన్నగా కార్ఖానాకు మోసుకెళ్ళాడు.

ఫిట్టర్లు చుట్టూ మూగారు. ఆయన ఒక్కొక్కటే తగిలించుకుంటుంటే మేస్త్రికి ఈ వయసులో సైన్యంలో చేరాలని బుద్ధి పుట్టిందని నవ్వుకున్నారు. తుపాకి బదులు దాని పొడవున్న గొట్టం ఒకటి చేత పట్టుకున్నాడు. విచారణ కోసం తెచ్చి నిలబెట్టిన, కమ్మీలు కోసిన ఆ బండిలోకే ఎక్కి బెంచీ మీద కూర్చుని, సుత్తితో కొట్టమన్నాడు. నేను రాకపోతే ఈ వారమంతా టీ నాదే అన్నాడు. పొడుగు ఫిట్టరు ముసిముసిగా నవ్వుతూ కొట్టాడు.

లేవడమే కష్టమైంది. సంచి వెనక గోడకు తట్టి ఆయన్ని మళ్ళీ బెంచీ మీదికి నెట్టింది. వంగి, పక్కకు తిరిగి, సందులో దూరాడు. రెండడుగులు వేశాడో లేదో ఇటు కవచం, అటు సంచి, గోడకూ ఇంజనుకూ మధ్య బిగుసుకుపోయాయి. ముందుకు తోస్తే గొట్టం అడ్డం పడింది. వెనక్కి రాబోతే పటకా ఒక బోల్టుకు తగులుకుంది. ఆ బోల్టు ఎక్కడుందో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. తెలిసి ఏం లాభం, చెయ్యి అక్కడిదాకా వెళ్ళదు. ఇంజను చల్లగా ఉంది, ఎదురుగా తలుపు తెరిచి ఉంది, తుపాకులు పేల్చేవాళ్ళు లేరు. అయినా ఆయనకు ఊపిరాడలేదు. తన వెనక బెంచీల మీద ఇంకా మనుషులున్నారని, వాళ్ళందరూ తన వీపు కేసి చూస్తూ దారి కోసం కాచుకున్నారని ఒక్కసారిగా అనిపించింది.

బయట నవ్వులు మొదట పెద్దవయ్యాయి, తర్వాత తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. పొడుగు ఫిట్టరు తలుపులోంచి చేతులు చాపి, పట్టీ ఒకటి తెంచి ఆయన్ని బయటికి లాగాడు. మేస్త్రి నేల మీద కూలబడ్డాడు. ఎన్ని బండ్లు ఇలా పంపించాం అని అడిగాడు. ఒట్టి చొక్కాలతో పరుగెత్తి టీలు తాగినవాళ్ళందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేలచూపులు చూస్తున్నారు.

ఆయన ఆ కవచం విప్పకుండానే, తెగిన పట్టీ వేలాడుతుండగా విచారణ గదిలోకి వెళ్ళాడు. అధికారి కుర్చీ చూపించాడు. ఆ వేషంలో కుర్చీలో పట్టడు కాబట్టి నిలబడే చెప్పాడు.

"కప్పు మీద కమ్మీలుండేవండి. నేనే కోశాను. నన్ను ఎవరూ కోయమనలేదు. లోపల ఏ లోటూ లేదని నిన్న మీకు చెప్పాను. చూడకుండా చెప్పాను. అల్లుడు చూడమన్నా చూడలేదు."

అల్లుడి మీద మోపిన తప్పు తీసేస్తామని, అలాంటి బండ్లన్నీ వెనక్కి రప్పిస్తామని, ఇకనుంచి మేస్త్రి వాటి మీద చెయ్యి వేయనక్కర్లేదని అధికారి మర్యాదగానే చెప్పాడు. అరిచి ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి. మేస్త్రి వెంటే వచ్చి గుమ్మంలో అంతా విన్న పొడుగు ఫిట్టరు అప్పటికే కొత్త కమ్మీలు తెచ్చి అతుకుతున్నాడు. రుద్దమంటావా అని అడిగాడు. వద్దు, గరుకుగానే ఉండనీ అన్నాడు మేస్త్రి.

ఆసుపత్రికి వెళ్ళేసరికి అల్లుడు ఒక్కడే ఉన్నాడు. మేస్త్రి దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు గానీ, గదిలో అడుగు పెట్టగానే అన్నీ చెదిరిపోయాయి. కమ్మీలు, అధికారి, సందు, అన్నీ కలగాపులగంగా చెప్పేశాడు. తలెత్తి చూసే ధైర్యం లేక మంచం కోడుతో చెప్పాడు.

"కమ్మీల సంగతి తెలుసు మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

మేస్త్రికి అర్థం కాలేదు.

"తొందరలో ఎక్కేటప్పుడు చూసుకోలేదు. పడేటప్పుడు చెయ్యి వేశాను. కమ్మీ లేదు. కోసిన మొదలైనా వేలికి తగులుతుంది కదా అని తడిమాను. అదీ లేదు. అంత నున్నగా రుద్దేది మీరొక్కరే కదా."

జన్మంతా ఆయన ఆ మెప్పు కోసమే బతికాడు. ఇప్పుడు విని సిగ్గుతో చచ్చిపోయాడు. మరి ఎందుకు చెప్పలేదు, నీ ఉద్యోగం పోయేదిగా అని గొణిగాడు. ఎన్నడూ మీరు అని తప్ప పిలవని అల్లుణ్ణి నువ్వు అన్నానని కూడా గమనించలేదు. మావాళ్ళు చెబుతామన్నారు, నేనే వద్దన్నాను అన్నాడు అల్లుడు. గుమ్మం కేసి చూసి గొంతు తగ్గించాడు.

"ఆఫీసరుకు చెప్పారు, చాలు. మీ అమ్మాయికి మాత్రం చెప్పకండి. తను నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీండి, నాకలవాటే. మిమ్మల్ని తిట్టుకోవడం తనకి చేతకాదు."

మేస్త్రి బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. అధికారి ముందు నోరు విప్పడమే కొండ ఎక్కడం అనుకున్నాడు. అసలు కొండ ఇక్కడుంది. అల్లుడు ఇచ్చిన మాటు చాటున దాక్కుంటే ఇంట్లో తన పీట తనకుంటుంది, కూతురి కళ్ళలో తన ఎత్తు తనకుంటుంది. దానికి మారుగా ఆ మెత్తని మనిషి బతికినన్నాళ్ళూ మామగారి మాట వినక కాలు విరగ్గొట్టుకున్నవాడిగా మిగిలిపోవాలి. కమ్మీలు కోసిన చెయ్యే ఇప్పుడు అతని పరువు కూడా కోయాలి. లేచి వెళ్ళిపోదామని రెండుసార్లు అనిపించింది.

వరండా చివర కూతురు కనిపించింది. క్యారేజీ ఊపుకుంటూ, దూరం నుంచే మొదలుపెట్టింది. ఏం నాన్నా, లేచాడా నీ ఊరేగింపు అల్లుడు, కప్పులెక్కే మనిషికి మంచంలో పొద్దెలా పోతోందో అడిగావా అంది. మేస్త్రి జరిగి పక్కన చోటు చేశాడు.

"ఇలా కూర్చోమ్మా" అన్నాడు. "మీ ఆయన జారి పడలేదు. పట్టుకోవడానికి ఏమీ లేకుండా చేసింది నేను."

అప్పుడు తలెత్తి, ఆమె మొహంలోకే చూస్తూ అంతా చెప్పాడు. గేటు దగ్గరి నవ్వులతో మొదలుపెట్టి, గోళ్ళ కింద రంగు దాకా. కూతురు కూర్చోలేదు. నిలబడే విన్నది. ఆయన చెప్పడం అయిపోయాక క్యారేజీ ఇంకో చేతిలోకి మార్చుకుని, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

ఇన్నాళ్ళూ ఆ తలుపు వెనక నుంచి మొగుణ్ణి తిడుతున్న ఆమె గొంతు వరండా దాకా వినిపించేది. ఆ రోజు వినిపించలేదు. మేస్త్రి చాలాసేపు దాని కోసమే వింటూ కూర్చున్నాడు.